గాలిని చూపించే పళ్ళెం

ఎత్తు మీద నిలబడ్డాం. కింద చెరువు. చెరువు అవతలి గట్టున, చెట్ల నీడలో, గొలుసులు వేలాడుతున్న ఇనప బుట్ట ఒకటి. అక్టోబరు నెల కావడంతో మేపుల్ ఆకులు సగం కొమ్మల మీదా సగం నేల మీదా ఉన్నాయి. నీళ్ళలో కూడా ఆ ఎరుపే. మా అక్క కొడుకు కుడి భుజం చెరువు వైపు పెట్టి నిలబడ్డాడు. చేతిలోని ప్లాస్టిక్ డిస్కును ఎడమ రొమ్ముదాకా లాక్కుని, నడుము తిప్పుతూ ఒక్క ఊపున వదిలాడు.

కాసేపు తిన్నగా పోయి, మెల్లగా కుడివైపు ఒరిగింది. ఆ ఒరుగులోనే నీళ్ళు దాటింది. దాటాక వేగం తగ్గి, బల్లపరుపుగా అయి, ఆపైన ఎడమకు వాలుతూ గట్టు మీద దిగింది. మొత్తం అయిదు సెకన్లు పట్టి ఉంటుంది. ఆ కాస్త సేపట్లో అది గాలిలో గీసిన గీతకు రెండు వంపులున్నాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు. విసిరిన చెయ్యి మాత్రం ఒక్కసారే కదిలింది.

తర్వాత నా వంతు. నా డిస్కు వదలగానే పైకి లేచింది. లేచి, కొండెక్కలేని ఎద్దుబండిలా ఒక చోట ఆగింది. ఆగి ఎడమకు తిరిగి, జారుతూ జారుతూ వచ్చి చెరువులో పడింది.

‘ముక్కు పైకెత్తావు మామయ్యా,’ అన్నాడు వాడు.

‘డిస్కుకి ముక్కేమిట్రా?’

‘ముందుండే అంచు. అది పైకి లేచి ఉంటే గాలికి పొట్ట చూపించినట్టే. అక్కడే వేగమంతా పోతుంది.’

డిస్కు తేలుతుందేమోనని చూశాను. తేలలేదు. వీటిని చేసే ప్లాస్టిక్ చాలావరకు నీళ్ళకంటే కాస్త బరువైనది. తేలే రకాలు ప్రత్యేకంగా దొరుకుతాయి. రెండు డిస్కులూ ఇంచుమించు ఒకే బరువు, రెండింటికీ ఒకే గాలి. ఒకటి గట్టు చేరింది, ఒకటి అడుగున ఉంది. ఆ తేడా నాకు పూర్తిగా అర్థం కావడానికి ఆ రోజు పద్దెనిమిది హోల్సూ, అంటే పద్దెనిమిది బుట్టలనూ చేరేదాకా, నడవాల్సి వచ్చింది.

మేం ఉన్నది అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, వూస్టర్ నగరం పక్కనున్న లెస్టర్ అనే ఊళ్ళో. మైదానం పేరు మేపుల్ హిల్. మా మేనల్లుడు ఉండేది తెలుగువాళ్ళు చాలామంది స్థిరపడిన ష్రూస్‌బరీలో, కారులో కాసేపటి దూరం. అసలిది క్రిస్మస్ చెట్లు పెంచే పొలం. ఆ చెట్ల వరసల మధ్యా, చెరువుల పక్కనా, వెనకున్న అడవిలోనూ డిస్క్ గోల్ఫ్ కోర్సు వేశారు. ప్రతి ఏడూ ప్రపంచంలోని మేటి ఆటగాళ్ళు వచ్చే ఎంవీపీ ఓపెన్ పోటీ జరిగేది ఇక్కడే. మిగతా రోజుల్లో డబ్బు కట్టి ఎవరైనా ఆడుకోవచ్చు.

మామూలు గోల్ఫుకి కొండను చదును చెయ్యాలి, గడ్డి పెంచాలి, నీళ్ళు పెట్టాలి, మందులు కొట్టాలి. ఈ ఆటకు అవేవీ అక్కర్లేదు. విసరడానికి కాస్త గట్టి నేల, అంటే టీ, ఒక చివర, ఆ గొలుసుల బుట్ట, అంటే బాస్కెట్, ఇంకో చివర ఉంటే చాలు. మధ్యలో ఏముందో అదే ఆట. వాలు ఉంటే వాలు, చెరువు ఉంటే చెరువు, పొలం ఉంటే పొలం. బాస్కెట్‌లో పడేదాకా ఎన్నిసార్లు విసిరారో లెక్క. తక్కువ విసుర్లతో ముగించినవారు గెలిచినట్టు. క్రిస్మస్ చెట్టు ఇంట్లో పెట్టుకునే ఎత్తుకు రావడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అందుకని ఆ వరసల్లో ఆడేవాళ్ళకు నిరుడు నడుమెత్తున అడ్డం వచ్చిన మొక్క ఈ ఏడు ఛాతీదాకా వస్తుంది, ఇంకో రెండేళ్ళకు ఎవరి ఇంటికో వెళ్ళిపోతుంది. పైరుతో పాటు మారే మైదానం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఈ ఆట ఇప్పటి రూపానికి వచ్చింది కాలిఫోర్నియాలో. ఫ్రెడ్ మారిసన్ అనే కుర్రాడు 1937లో పాప్‌కార్న్ డబ్బా మూత విసురుకుంటూ ఆడాడు. తర్వాత కేకు పళ్ళెం ఇంకా బాగా ఎగురుతుందని కనిపెట్టాడు. బీచిలో ఆడుతుంటే చూసిన ఒకాయన ఆ పళ్ళేన్ని 25 సెంట్లకు కొంటానన్నాడు. కొట్లో దాని ధర 5 సెంట్లు. అక్కడ మొదలైంది వ్యాపారం. రెండో ప్రపంచ యుద్ధంలో మారిసన్ పీ-47 యుద్ధవిమానం నడిపాడు. రెక్క ఎలా పనిచేస్తుందో అక్కడ వంటబట్టించుకుని వచ్చి 1948లో ప్లాస్టిక్ పళ్ళెం చేశాడు. 1957లో వామ్-ఓ కంపెనీ దాని హక్కులు తీసుకుని ఫ్రిస్బీ అని పేరు పెట్టింది. అదే కంపెనీలో పనిచేసిన ఎడ్ హెడ్రిక్ పళ్ళెం పైన గుండ్రటి గీతలు పెట్టి ఎగురుడు కుదురుగా ఉండేట్టు చేశాడు. 1975లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత డిస్క్ గోల్ఫ్ కోర్సు వేసిందీ, గొలుసుల బాస్కెట్ కనిపెట్టిందీ ఆయనే. 2002లో చనిపోయాక ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. ఒక మనిషి తన పనిని అంతగా ప్రేమించడం నాకు గొప్పగా అనిపిస్తుంది.

రెండో హోల్‌కి నడుస్తుండగా మా వాడు సంచిలోంచి ఇంకో డిస్కు తీసి నా చేతిలో పెట్టాడు. పిల్లలు ఆడుకునే ఫ్రిస్బీకంటే చిన్నది, దానికంటే చాలా బరువు. అన్నం పళ్ళేనికీ కాఫీ సాసర్‌కీ మధ్య సైజు. వెనక 175 అని రాసి ఉంది, గ్రాములన్న మాట. ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందంటే, డిస్క్ గోల్ఫ్ సంఘం నియమాల ప్రకారం వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకూ 8.3 గ్రాములు మించకూడదు, వ్యాసం 21 సెంటీమీటర్లకు తగ్గకూడదు. దూరం విసిరే డిస్కులు దాదాపు 21.1 సెంటీమీటర్లుంటాయి. గుణించి చూడండి, 175 వస్తుంది. గాలిని చీల్చడానికి చిన్నదిగా ఉండాలి, గాలికి చలించకుండా బరువుగా ఉండాలి. ఆ రెండు కోరికలనూ నియమం కలిపి కట్టేసిన చోటు ఆ అంకె.

వేళ్ళతో తడిమితే మధ్యలో ప్లాస్టిక్ పలచగా వంగుతోంది, అంచు మాత్రం రాయిలా ఉంది. బరువంతా అంచులో ఉంచారు. కుమ్మరి సారెను చూసినవాళ్ళకు ఇది వెంటనే తెలుస్తుంది. సారె అంచు బరువుగా ఉంటేనే ఒకసారి కర్రతో తిప్పి వదిలాక కుండ లేచేదాకా తిరుగుతుంది. అంతా సమంగా మందమున్న పళ్ళెంతో పోలిస్తే, అదే బరువూ అదే కొలతా ఉన్న వట్టి వలయానికి తిరుగుడు జడత్వం రెండింతలు. డిస్కు ఈ రెండింటికీ మధ్య, వలయం వైపు ఒరిగి ఉంటుంది. బాగా విసిరేవాళ్ళ చేతిలో అది నిమిషానికి వెయ్యి చుట్లు దాటి తిరుగుతుంది. అంటే ఆ చెరువు దాటేలోపు ఎనభై చుట్ల దాకా తిరిగి ఉండాలి.

ఇంతకీ అది ఎగిరేది ఎందుకు? తిరగడం వల్ల అని చాలామంది అనుకుంటారు. ఎగరడానికి తిరుగుడుతో నేరుగా సంబంధం లేదు. పైకి ఉబ్బి కింద బోలుగా ఉన్న పళ్ళెం గాలిలో దూసుకుపోతుంటే, అది గాలిని కిందికి తోస్తుంది, గాలి దాన్ని పైకి తోస్తుంది. విమానం రెక్కకు జరిగేదే. లెక్క కూడా చిన్నదే. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయే డిస్కును ఎదుర్కొనే గాలి ఒత్తిడిని డిస్కు వైశాల్యంతో గుణిస్తే సుమారు 13 న్యూటన్లు. డిస్కు బరువు 1.7 న్యూటన్లు. అంటే ఆ 13లో ఎనిమిదో వంతు పైకి తిప్పుకోగలిగితే చాలు, కింద పడదు. దాదాపు బల్లపరుపుగా పోతున్నా అంతమాత్రం దొరుకుతుంది. వేగం సగానికి పడిపోయిందనుకోండి, ఆ 13 కాస్తా 3.3 అవుతుంది. అప్పుడు అందులో సగం కావాలి. అంత కావాలంటే గాలికి మరింత వాలుగా, ముక్కు ఎత్తి ఎదురునిలవాలి. ముక్కు ఎత్తినకొద్దీ గాలి వెనక్కి లాగుతుంది, వేగం ఇంకా తగ్గుతుంది. నేను మొదటి విసురులోనే ముక్కు ఎత్తేశాను కాబట్టి, చివర్లో జరగాల్సింది ముందే జరిగిపోయింది.

తిరుగుడు పని ఇంకొకటి. పట్టుకోవడం. తిప్పకుండా విసిరిన పళ్ళెం మొగ్గలేస్తూ పడుతుంది, ఎందుకంటే గాలి తోసే బిందువు సరిగ్గా పళ్ళెం మధ్యలో ఉండదు. కాస్త ముందో కాస్త వెనకో ఉంటుంది. ముందుంటే ముక్కును పైకి తిప్పేస్తుంది, వెనక ఉంటే కిందికి దించేస్తుంది. తిరుగుతున్న పళ్ళేన్ని కూడా అలాగే తోస్తుంది. కానీ తిరిగే వస్తువు తోసిన వైపు పోదు.

బొంగరం ఆడినవాళ్ళకు దీన్ని పుస్తకంలో చదవాల్సిన పని లేదు. ఒరిగి తిరుగుతున్న బొంగరాన్ని భూమి కిందికి లాగుతూనే ఉంటుంది. అది కింద పడాలి. పడకుండా, ఒరిగిన తల గుండ్రంగా చుట్టు తిరుగుతుంది. కిందికి లాగితే పక్కకు పోయింది. తిరిగే వస్తువులన్నీ ఇంతే: తోపు ఒక దిక్కు అయితే ఒరుగు దానికి లంబంగా ఉండే దిక్కు. కుడిచేత్తో, చేతి వెనకభాగం ముందుకు వచ్చేలా విసిరిన డిస్కు పైనుంచి చూస్తే గడియారం ముల్లులా తిరుగుతుంది. అలాంటిదాన్ని గాలి ముక్కు పైకెత్తబోతే ముక్కు లేవదు, ఎడమకు ఒరుగుతుంది. ముక్కు దించబోతే కుడికి ఒరుగుతుంది. పళ్ళెం ఒరిగితే పైకి తోసే బలం కూడా ఆ వైపు ఒరుగుతుంది, దాంతో దారి వంగుతుంది. ఎడమచేతివాళ్ళకు ఇదంతా అద్దంలో చూసినట్టే.

ఇప్పుడు మా వాడి విసురు మొదటినుంచీ చూడండి. వదిలిన కొత్తలో వేగం ఎక్కువ, డిస్కు గాలికి దాదాపు అంచు మాత్రమే చూపిస్తోంది. అప్పుడు గాలి తోపు మధ్యకు కొంచెం వెనక పడుతుంది. ముక్కు దించబోతుంది, డిస్కు కుడికి ఒరుగుతుంది. ఆటగాళ్ళు దీన్ని టర్న్ అంటారు. కాసేపటికి వేగం తగ్గి దారి నేల వైపు వంగడం మొదలవుతుంది. దారి వంగినా డిస్కు వంగదు, తిరుగుడు దాన్ని మొదట వదిలిన వాటంలోనే పట్టుకుని ఉంటుంది. దాంతో గాలి ఇప్పుడు కిందినుంచి పొట్టకు తగులుతుంది. తోపు ముందుకు జరుగుతుంది, ముక్కు ఎత్తబోతుంది, డిస్కు ఎడమకు వాలుతుంది. ఇది ఫేడ్. ఆ రెండు వంపులూ గాలి గీసినవే. మా వాడు చేసిందల్లా అవి ఎక్కడెక్కడ రావాలో ముందే లెక్కవేసి, దానికి తగ్గ వేగమూ వాటమూ ఇచ్చి వదలడం.

డిస్కులను గాలి సొరంగాల్లో పెట్టి ఈ సంగతిని కొలిచారు. గ్రహాల శాస్త్రవేత్త రాల్ఫ్ లోరెంజ్ అయితే ఎగిరే ఫ్రిస్బీల్లోనే చిన్న సెన్సర్లు అమర్చి చూశాడు, తిరుగుతూ ఎగిరే వస్తువుల మీద ఒక పుస్తకమే రాశాడు. శని గ్రహపు చందమామ టైటన్ మీదికి నాసా పంపబోతున్న డ్రాగన్‌ఫ్లై అనే ఎగిరే యంత్రం రూపకల్పనలో ముందున్నవాళ్ళలో ఆయన ఒకడు. ఫ్రిస్బీ చేతపట్టిన మనిషే టైటన్ గాలి గురించి ఆలోచిస్తున్నాడంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు. రెండు చోట్లా ప్రశ్న ఒకటే కదా.

డిస్కు పైన నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి. వేగం, తేలే గుణం, టర్న్, ఫేడ్. నాకిచ్చిన లెపర్డ్ అనే డిస్కు మీద 6, 5, -2, 1 ఉన్నాయి. అంటే కుడికి సుళువుగా ఒరుగుతుంది, చివర్లో ఎడమకు పెద్దగా లాగదు, కొత్తవాళ్ళకు నయం. మా వాడు చెరువు దాటించిన డిస్ట్రాయర్ మీద 12, 5, -1, 3. దాని అంచు వెడల్పు ఎక్కువ, కత్తి వాదరలా వాలుగా ఉంటుంది. 1983లో డేవ్ డ్యూనిపేస్ ఇలా అంచును వాలుగా చేసిన డిస్కు తెచ్చాకే గోల్ఫ్ డిస్కు, ఫ్రిస్బీ రెండూ వేరు దారులు పట్టాయి. కానీ ఆ వాదర డిస్కులు మెల్లగా విసిరేవాళ్ళ మాట వినవు. టర్న్ రావడానికి కావల్సిన వేగం వాళ్ళ చేతిలో లేనప్పుడు ఫేడ్ ఒక్కటే మిగులుతుంది.

‘దీన్ని తడిమి చూడు,’ అంటూ పాతబడిన డిస్కొకటి, కొత్తదొకటి ఇచ్చాడు. రెండూ ఒకే అచ్చు. బొటనవేలితో కొత్తదాని అంచు పక్కన రాస్తే పైభాగమూ కిందిభాగమూ కలిసే చోట సన్నటి గీత తగిలింది. పాతదాని మీద ఆ గీత అరిగి కాస్త కిందికి జారినట్టుంది, అక్కడక్కడ చెట్లకు కొట్టుకున్న గాట్లు. తేడా మిల్లీమీటరు కూడా ఉండదు. ఆ కాస్త తేడాకే పాతది కుడికి ఎక్కువ ఒరుగుతుంది. ఏళ్ళ తరబడి ఆడేవాళ్ళు కొత్తదాన్ని ఒక పనికీ పాతదాన్ని ఇంకో పనికీ పక్కపక్కనే సంచిలో ఉంచుకుంటారు. బాగా అరిగినదాన్ని పారెయ్యరు. దానికి కుదిరే హోల్ ఒకటి ఎక్కడో ఉంటుంది.

మళ్ళీ నీళ్ళు దాటించాల్సిన చోటొకటి వచ్చింది. ఈసారి మా వాడు విసరకుండా చెరువును చూస్తూ నిలబడ్డాడు. మాకు దగ్గర నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అవతల మాత్రం సన్నటి అలలు మావైపు వస్తున్నాయి. మేమున్న చోట చెట్లు గాలిని ఆపుతున్నాయి, నీళ్ళ మీద ఆపేది లేదు. గాలికి కూడా నేల రాపిడి ఉంటుంది. గడ్డి, పొదలు, చెట్లు దాని కాళ్ళు పట్టుకుని లాగుతాయి కాబట్టి నేల దగ్గర మెల్లగా, పైన వేగంగా పోతుంది. చదునైన నీళ్ళ మీద ఆ పట్టు తక్కువ. డిస్కుకు తెలిసేది నేలతో పోల్చిన వేగం కాదు, గాలితో పోల్చిన వేగం. సెకనుకు 25 మీటర్ల వేగంతో విసిరిన డిస్కుకు సెకనుకు 5 మీటర్ల ఎదురుగాలి తగిలితే అది 30తో పోతున్నట్టు, వెనకగాలి ఉంటే 20తో పోతున్నట్టు. గాలి బలం వేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఆ రెండింటికీ తేడా రెండు రెట్లకు పైనే, సరిగ్గా 2.25. ఎదురుగాలిలో డిస్కు పైకి లేస్తుంది, కుడికి ఎక్కువ ఒరుగుతుంది. వెనకగాలిలో కుంగుతుంది, ఎడమకు తొందరగా వాలుతుంది. గాలి వాటంగా ఉంటే దూరం పోతుందని నేననుకున్నది సగమే నిజం. 2016లో డేవిడ్ విగిన్స్ జూనియర్ నెవాడా ఎడారి గాలిలో 338 మీటర్లు విసిరిన రికార్డు వెనక వెనకగాలి ఉంది గానీ, ఆ గాలిలో కుంగకుండా పైన నిలబెట్టడానికి కావల్సిన ఎత్తు, వాటం అతని చేతిలోనివి.

మా వాడు కుడికి కష్టంగా ఒరిగే డిస్కు తీసి, గొలుసులకు బాగా ఎడమవైపు గురిపెట్టి వదిలాడు. నీళ్ళ మధ్యకు వెళ్ళాక గాలి దాన్ని కుడికి తెచ్చింది.

అడవిలోకి వెళ్ళాక ఆట మారిపోయింది. ఈ ఆట ఆడేవాళ్ళలో ఒక మాట ఉంది, చెట్టంటే తొంభై పాళ్ళు గాలే అని. కొమ్మల మధ్యనుంచి దూరిపోతుందిలే అన్న ధైర్యం అది. నాకు ఎందుకో లెక్క చూడాలనిపించింది. ఎకరానికి 160 చెట్లున్న అడవి అనుకుందాం, ఒక్కో మొదలు 30 సెంటీమీటర్ల లావు. ఆ 160 మొదళ్ళూ కలిపి నేల మీద ఆక్రమించే చోటు పదకొండు చదరపు మీటర్లు, ఒక చిన్న వంటగదంత. ఎకరంలో అది 0.3 శాతం కూడా కాదు. తొంభై పాళ్ళేమిటి, తొంభై తొమ్మిదిన్నర పాళ్ళకు పైగా ఖాళీయే. మరి కళ్ళు మూసుకుని విసిరినా పోవాలి కదా?

పోదు. 1858లో జర్మనీ శాస్త్రవేత్త క్లాసియస్‌కు ఇలాంటి ప్రశ్నే ఎదురైంది. గాలిలో అణువులు తుపాకి గుండ్లంత వేగంతో పోతాయంటున్నారే, మరి గదిలో ఒక మూలనుంచి ఇంకో మూలకు వాసన రావడానికి అంతసేపు ఎందుకని అడిగారు. వంటింట్లో పోపు వేస్తే వీధి గదిలోకి ఘుమఘుమ రావడానికి కొంచెం సేపు పట్టడం మనకు తెలుసు. ఆయన జవాబు: అణువు చిన్నదే, ఖాళీ చాలానే, కానీ పోయే దారి పొడుగునా అది ఊడ్చుకుపోయే వెడల్పును చూడాలి. ఒక అణువు ఇంకోదాన్ని ఢీకొనే లోపు పోగల దూరపు సగటుకు సగటు స్వేచ్ఛా పథం అని పేరు. డిస్కుకూ అదే లెక్క. అది 21 సెంటీమీటర్ల వెడల్పున దారి ఊడుస్తుంది, చెట్టు లావు 30 కలిపితే 51. ఎకరానికి 160 చెట్లతో లెక్కేస్తే సగటు స్వేచ్ఛా పథం సుమారు 50 మీటర్లు. 60 మీటర్ల దూరంలో బాస్కెట్ ఉంటే, దారి చూడకుండా విసిరిన పది డిస్కుల్లో ఏడు చెట్టుకు తగులుతాయి. 30 మీటర్లే అయితే సగానికి పైగా దాటిపోతాయి. ఇది మొదళ్ళ లెక్క మాత్రమే, కొమ్మలు వేరు. అందుకే ఆటగాళ్ళు అడవిలో నేరుగా గొలుసుల వైపు చూడరు. పక్కకైనా సరే, పొడుగ్గా ఖాళీ ఉన్న సందు ఎక్కడుందో ముందు అదే వెతుకుతారు. ఆ సందు వంపు తిరిగి ఉంటే, అదే వంపు తిరిగే డిస్కు కోసం సంచిలో చెయ్యి పెడతారు.

ఈ అడవి పాతకాలపుది కాదు. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో చాలామటుకు చెట్లు కొట్టేసి పొలాలు చేశారు. మంచుయుగపు హిమానీనదాలు వదిలిపెట్టిన రాళ్ళు ఏరి గట్లుగా పేర్చారు. తర్వాత దేశపు పడమటి వైపు రాళ్ళు లేని నల్లమట్టి దొరికిందని రైతులు తరలిపోతే పొలాల్లో మళ్ళీ అడవి లేచింది. ఇప్పుడు నట్టడవిలో నడుస్తుంటే మోకాలెత్తు రాతిగోడ ఏ కారణమూ లేకుండా అడ్డం వస్తుంది. అది ఒకప్పటి చేను గట్టు. అలాంటి చోట నిలబడి విసురుతున్నప్పుడు, ఇక్కడ నాగలి పట్టినవాళ్ళెవరో అనిపించింది నాకు.

దారి మలుపులో ఉన్న ఒక చెట్టు దగ్గర ఆగాను. టీ వైపు తిరిగి ఉన్న పక్కన, నా మోకాలినుంచి భుజందాకా, బెరడు నిండా గాట్లు. కొన్ని పాతబడి నల్లబడ్డాయి, కొన్ని పచ్చిగా తేమతో ఉన్నాయి. వెనక పక్కన ఒక్కటీ లేదు. ఎంతమంది ఎంత ఎత్తున ఆ చెట్టుకు కొట్టారో చెట్టే పటం గీసి పెట్టింది. ఛాతీ ఎత్తున గాట్లు దట్టంగా ఉన్నాయి, పైకి పోయేకొద్దీ పలచబడ్డాయి. చేత్తో తడిమితే బాధనిపించింది. చెట్టు గాయం మన ఒంటి మీది గాయంలా మానదు. పక్క రాష్ట్రం న్యూ హాంప్‌షైర్‌లో అటవీశాఖ తరఫున ఏళ్ళ తరబడి చెట్లు నిలువునా కోసి పరిశీలించిన అలెక్స్ షిగో ఈ సంగతి 1970ల్లో స్పష్టంగా చూపించాడు. దెబ్బతిన్న కణజాలాన్ని చెట్టు బాగుచేసుకోదు. దాని చుట్టూ గోడలు కట్టి వేరుచేసి, పైన కొత్త కర్ర పెంచుతుంది. కుళ్ళు ఆ గోడ దాటకపోతే బతుకుతుంది. అదే చోట మళ్ళీ మళ్ళీ దెబ్బ పడితే గోడ కట్టే తీరిక ఉండదు. టీ దగ్గర, బాస్కెట్ చుట్టూ నేల కూడా అంతే. అడుగులు పడిపడి గట్టిపడి, వాన నీళ్ళు ఇంకక, వేళ్ళు బయటపడతాయి. కొన్ని మైదానాల్లో దెబ్బలు తినే చెట్లకు ముందు గుంజలు పాతుతారు, బాస్కెట్ చోటు అప్పుడప్పుడు మారుస్తారు. ఊళ్ళకు దూరంగా, అడవిలో ఆడుకోవడమే ఈ ఆట అందం అన్నప్పుడు, ఆ అడవికి ఇచ్చే విరామం కూడా ఆటలో భాగంగా ఉండాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ప్రపంచంలో ఇప్పుడు పదివేలకు పైగా కోర్సులున్నాయి. చెట్లు ఎన్నో లెక్కపెట్టండి.

చివరి దగ్గరి విసుర్లకు పటర్ అనే మందపాటి అంచున్న డిస్కు వాడతారు. నేను పది అడుగుల దూరంనుంచి వేశాను. గొలుసులు ఝల్లుమని మోగి, డిస్కు బుట్టలో పడింది. ఆ చప్పుడు అడవిలో చాలా దూరం పోతుంది, ఎవరి బాస్కెట్ మోగినా ఆటగాళ్ళు తలెత్తుతారు. గొలుసుల బదులు చెక్కబల్ల ఉంటే డిస్కు ఎగిరి వచ్చి నా కాళ్ళ దగ్గర పడేది. హెడ్రిక్ గొప్పతనం అక్కడుంది. సెకనుకు 8 మీటర్లతో వచ్చే డిస్కులో ఉన్న శక్తి సుమారు 5.6 జౌళ్ళు. వేలాడే గొలుసుకు తగలగానే అది డజన్ల కొద్దీ కొలికీలకు పంచబడుతుంది. ఒక్కో కొలికీ కాస్త ఊగుతుంది, పక్కదానితో రాసుకుంటుంది, కాస్త వేడెక్కుతుంది. డిస్కుకు తిరిగి ఇవ్వడానికి ఎవరి దగ్గరా పెద్దగా మిగలదు. మనకు వినపడే ఆ మోత ఆ పంపకంలో చిన్న వాటా.

మర్నాడు పొద్దున, ఊరికి తిరిగి వెళ్ళేముందు, మా వాణ్ణి పక్క ఊరు ఆబర్న్ తీసుకెళ్ళమన్నాను. లెస్టర్ పొలిమేర దాటితే ఆబర్నే. 1926 మార్చి 16న రాబర్ట్ గొడ్డార్డ్ ద్రవ ఇంధనంతో నడిచే మొదటి రాకెట్‌ను ఎగరేసింది అక్కడ, వాళ్ళ అత్త పొలంలో. ఆ పొలం తర్వాత గోల్ఫ్ మైదానమైంది. గడ్డిలో స్మారక స్తంభం నిలబెట్టారు.

గొడ్డార్డ్ ఆ రాకెట్‌కు ఇంజను పైన, ఇంధనపు తొట్లు కింద పెట్టాడు. పైన పట్టుకుని లాగితే బరువు కింద వేలాడి నిటారుగా ఉంటుందని అప్పట్లో అందరికీ అనిపించే ఆలోచనే. అది నిజం కాదు. ఇంజను రాకెట్‌కే బిగించి ఉన్నప్పుడు, రాకెట్ ఒరిగితే తోపు కూడా దానితో పాటే ఒరుగుతుంది, నిలబెట్టేది ఏదీ ఉండదు. రాకెట్ 41 అడుగులు లేచి, ఎడమకు వంగి, మంచు మీద పడింది. 2.5 సెకన్లు, 184 అడుగులు. మా డిస్కు ఎడమకు వాలిన కారణం వేరు, దీని కారణం వేరు. కానీ గాలిలో ఉన్న వస్తువును నిలబెట్టడానికి బరువు ఎక్కడ వేలాడుతోందన్నది పనికి రాదని, తిరిగేదేదో ఒకటి కావాలని గొడ్డార్డ్ తెలుసుకున్నాడు. 1932లో న్యూ మెక్సికోలో ఆయన ఎగరేసిన రాకెట్ లోపల ఒక చక్రం వేగంగా తిరుగుతూ ఉంది. అది రాకెట్ ఎటు ఒరుగుతోందో కనిపెట్టి, మంటలోకి చొచ్చే రేకులను కదిపేది. అడుగున మునిగిన నా పళ్ళెం అంచులో బరువు ఎందుకుందో ఆ చక్రం ఎందుకుందో, కారణం ఒకటే.

స్తంభం దగ్గరనుంచి నాకు తోచిన దిక్కున అడుగులు వేశాను. 184 అడుగులంటే 56 మీటర్లు, నా నడకలో డెబ్బై అయిదు అంగలు. అక్కడ ఆగి వెనక్కి చూశాను. మా వాడు స్తంభం పక్కనే నిలబడి, చేతిలో ఏమీ లేకుండానే కుడి భుజం నావైపు తిప్పి, దూరం చూసుకుంటున్నాడు.

‘పటర్ దూరం మామయ్యా,’ అని అరిచాడు. తర్వాత ఫోను తీసి 2.5 సెకన్లు లెక్కపెట్టాడు. ఏమీ అనలేదు. ఇంకోసారి లెక్కపెట్టాడు.